పూర్ణమ్మ మాట విన్నవారెవరు?

గురజాడ అప్పారావుగారి 'పుత్తడిబొమ్మ పూర్ణమ్మ'ను వినని తెలుగు గృహము లేదనిన నది యతిశయోక్తి కాదు. బాలికలు దానిని కంఠస్థము చేయుదురు. సభలలో పాడుదురు. వినిన పెద్దలు కన్నులొత్తుకొందురు. తరగతిగదిలో పాట ముగిసిన పిదప ఉపాధ్యాయుడు నల్లబల్లపై నొక ప్రశ్న వ్రాయును: 'ఈ గేయమున కవి ఖండించిన దురాచారమేది?' పిల్లలందరును 'కన్యాశుల్కము' అని వ్రాయుదురు. ఉపాధ్యాయుడు మార్కులు వేయును. అంతటితో విమర్శ ముగియును.

మేమును ఇరువదియేండ్లుగా నీ ప్రశ్ననే వ్రాయుచు వచ్చితిమి. ఆ యుత్తరము తప్పు కాదు. కాని గేయములో నది సగము మాత్రమే. రెండవ సగమును మాకు చూపినది యే పండితుడును గాడు. మా తొమ్మిదవ తరగతిలోని యొక బాలిక. ఆ సంగతి చెప్పుటకు మాకు సిగ్గుగానే యున్నది. ఐనను చెప్పక తప్పదు.

కొన్నేండ్ల క్రిందట సెప్టెంబరు 21వ తేదీన, గురజాడవారి జయంతినాడు, మే మా గేయమును తరగతిలో చదివి వ్యాఖ్యానించితిమి. సాయంకాలమున పూలు కూర్చుకొని పూర్ణమ్మ దుర్గ గుడికి ఒంటరిగా పోవు ఘట్టము ముగియగానే, వెనుక బల్లపై కూర్చున్న యొక బాలిక లేచి, "ఆమెను ఒక్కదాన్నే ఎందుకు పంపారు మాస్టారూ? చీకటి పడేదాకా ఎవరూ వెతకలేదా?" అని యడిగెను. తోటివారు నవ్విరి. మేమును నవ్వి, "కవిత్వంలో అలాంటివి అడగకూడదమ్మా, కూర్చో" అంటిమి. ఆమె కూర్చుండెను. మరల నాడు నోరు విప్పలేదు.

రెండు దినములు గడచిన పిదప మా బడిలో మధ్యాహ్న భోజనము వండిపెట్టు నామె మాయొద్దకు వచ్చి, "ఆ పిల్ల వారం రోజులనించి కంచం ముట్టట్లేదు సార్. గుడ్డు పెట్టిన రోజు కూడా పక్కపిల్లకి ఇచ్చేసింది. మీరొకసారి మాట్లాడండి" అనెను. అప్పుడు గాని మాకు స్ఫురింపలేదు. మార్కులు తగ్గినందున ఆ బాలిక నంతకు మున్నే 'ఏ' సెక్షను నుండి 'బి' సెక్షనునకు మార్చితిమి. ఆ జాబితాను గోడపై నంటించినది మేమే. నాటినుండి పాత స్నేహితురాండ్రు ఆమెను కొత్త పేరుతో పిలిచి పరిహసించుచుండిరట. ఇంట తండ్రి మాటలాడుట మానెనట. ఆమె పూర్ణమ్మను గూర్చి యడిగినదనుకొంటిమి. తన్ను గూర్చియే యడిగినది.

ఆ సాయంకాలమే వంటామెను వెంటబెట్టుకొని వారి యింటికి పోయితిమి. తల్లితో మాటలాడితిమి. తరువాత ఆ తల్లి కుమార్తెను జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యునకు చూపించెను. కొన్ని నెలలకు బాలిక తేరుకొనెను. నేడామె పై చదువు చదువుచున్నది. కథ సుఖాంతమే. కాని దానిని సుఖాంతము చేసినది మా పాండిత్యము గాదు. కంచములో మిగిలిన యన్నమును చూచిన వంటామె కన్ను. నాటినుండి మే మా గేయమును మరల మరల చదివి గ్రహించినదానినే యిచ్చట మనవి చేయుచున్నాము.

మన యాలంకారికులు శబ్దమునకు వాచ్యము, లక్ష్యము, వ్యంగ్యము నని మూడర్థములు చెప్పిరి. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమున నుండిన యానందవర్ధనుడు కావ్యమునకు ధ్వనియే యాత్మ యని స్థాపించెను. తరువాత మమ్మటుడు మొదలగువారు దీనికి చక్కని దృష్టాంతము నిచ్చిరి. 'ప్రొద్దు గ్రుంకినది' అని యొకడనును. పసులకాపరి కది మందను ఇంటికి తోలుమను మాట. నిష్ఠాపరునకు సంధ్య వార్చుమను మాట. అభిసారికకు బయలుదేరుమను మాట. పలికిన పలుకొక్కటే. అందలి వ్యంగ్యము వినువానికి హృదయమున్నంత మేరకే తెలియును. అట్టి శ్రోతకు వారు 'సహృదయుడు' అని పేరిడిరి.

ఈ దృష్టితో చూచిన పూర్ణమ్మ కథ యంతయు ధ్వనిమయము. కవి యామె మనస్సులో నేమున్నదో యెచ్చటను విప్పి చెప్పడు. ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి వెలుపల నేమి కనబడునో దానినే చెప్పును. పూజారి యింట పుట్టి, అన్నదమ్ముల నడుమ ముద్దుగా పెరిగి, ఏ వేళకు పూచిన పువ్వులు ఆ వేళకు దేవికి సమర్పించుచు నుండిన పిల్లను, తల్లియు తండ్రియు డబ్బునకు లోబడి యొక ముదుసలికి ముడివైచిరి. అటుపిమ్మట కవి చూపిన గురుతులను పాఠకులు వరుసగా గమనింతురు గాక.

మొదటిది, తోడి కన్నెలు 'మొగుడు తాత' యని యామెను గేలిచేసిరి. ఇచ్చట విచిత్రమేమనగా, కూతును అమ్ముకొన్న తండ్రిని గేలిచేసినవారు గేయమున నొక్కరును లేరు. వృద్ధాప్యమున పెండ్లియాడిన వానిని గేలిచేసినవారును లేరు. అన్యాయమునకు లోనైన పిల్లయే పరిహాసమునకును లోనైనది. రెండవది, ఆమె యాటపాటలలో కలియుట మానెను. మూడవది, దుఃఖమును మనుష్యులకు చెప్పుకొనక గుడిలోని దేవికి చెప్పుకొనెను. అనగా వినువారు మనుష్యులలో లేరని నిశ్చయించుకొనెను. నాలుగవది, పెనిమిటి కొనిపోవ వచ్చినప్పుడు పెద్దలకు మ్రొక్కగా వారు దీవించిరి. ఆ దీవన విని యామె ఫక్కున నవ్వెను. అయిదవది, అన్నదమ్ములను కౌగిలించుకొని కన్నీరు పెట్టి, నలుగురును కూడి నవ్వుకొను వేళ నొకమారు తన పేరు తలంపుమనియు, వారికి కలుగబోవు బిడ్డలలో నొకతెకు తన పేరు పెట్టుమనియు కోరెను. ఆరవది, సాయంకాలమున సంతోషముగా నున్నట్లు కనబడుచు నొంటరిగా బయలుదేరెను.

ఈ యారు గురుతులను నేడే మానసిక వైద్యుని ముందుంచినను, ఆయన యొక్కదానినైనను త్రోసిపుచ్చడు. ప్రియమైన యాటలను విడుచుట, నలుగురి నుండి తొలగుట, సమయమునకు తగని నవ్వు, వీడుకోలు వంటి మాటలు, దీర్ఘదుఃఖము వెనుక నకస్మాత్తుగా కనబడు శాంతి, ఇవి యన్నియు జాగరూకతతో చూడదగిన చిహ్నములని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. గురజాడవారు వైద్యులు గారు. 1915లో వారు గతించునాటికి కౌమారమనశ్శాస్త్రము మన దేశమున పేరుకైనను లేదు. ఐనను వారు చూచిరి. ఏలయన, వారు సహృదయులు.

గేయములో చూడనివారు గేయములోని పెద్దలు. పేరు తలంపుమన్న చెల్లెలి మాటను 'అత్తవారింటికి పోవు పిల్ల బెంగ' యని వారనుకొని యుందురు. అది వాచ్యార్థము. ఆవులు మందకు చేరినవి, పక్షులు చెట్లెక్కినవి, చుక్కలు పొడమినవి యని కవి చెప్పుచు వచ్చి, పూర్ణమ్మ మాత్ర మింటికి రాలేదనును. ప్రొద్దు గ్రుంకిన సంగతి పసులకు తెలిసినది. ఇంటివారికి తెలియలేదు. మా విద్యార్థిని యడిగిన ప్రశ్న యీ చోటనే పుట్టినది. కవి దానిని నోటితో నడుగలేదు, వినువారే యడుగవలెనని విడిచిపెట్టెను. ఆ పిల్ల యడిగినది. మేము కూర్చుండుమంటిమి. కావ్యములో ధ్వనిని వెదకుట మాకు నేర్పిన గురువులు, పిల్లల మాటలో ధ్వనిని వెదకుమని ప్రత్యేకముగా చెప్పలేదు. చెప్పనక్కరలేదని వారు తలంచి యుందురు. అక్కర కలదు.

ఇచ్చట మా మిత్రులలో నొకరు ఒక యాక్షేపణ తెచ్చిరి. 'పూర్ణమ్మ దుర్గలో లీనమైనట్లు కవి ముగించినాడు గదా! మృత్యువు నింత సుందరముగా చూపు గేయమును ఈడు వచ్చు పిల్లలకు చెప్పుట మేలా?' అని వారి ప్రశ్న. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న గాదు. 1774లో గేథే రచించిన 'వెర్తరు' నవల వెలువడిన పిదప, దానిని చదివిన యువకులు కథానాయకుని ననుకరింతురను భయముతో 1775లో లైప్జిగ్ నగరమున దానిని నిషేధించిరి. బలవన్మరణమును వర్ణించి, శృంగారించి చెప్పిన కథలును వార్తలును దుర్బలచిత్తులకు హాని చేయునని తరువాతి పరిశోధనలును తేల్చినవి.

కాని యీ నాణెమునకు రెండవ ముఖము కలదు. మొజార్టు 1791లో కూర్చిన 'మాయా వేణువు' అను సంగీతనాటకమున పాపగేనో యనువాడు ఆశ నుడిగి ప్రాణము విడువ సిద్ధపడగా, ముగ్గురు బాలురు వచ్చి, నీయొద్ద గంటలున్నవి గదా, మ్రోగింపుమని జ్ఞప్తికి దెత్తురు. వాడు మ్రోగించి బ్రతికిపోవును. ఆపదలో నున్నవారు దానిని దాటి బ్రతికిన వృత్తాంతములను చెప్పినచో వినువారికి మేలు కలుగవచ్చునని ఆస్ట్రియా దేశపు పరిశోధకులు 2010లో ప్రకటించి, ఆ గుణమునకు పాపగేనో పేరే పెట్టిరి. మరియు, 'నీకు బ్రతుకవలెనని లేదా?' యని దయతో నడిగినంతమాత్రమున ఆ తలంపు క్రొత్తగా పుట్టదనియు, అడుగుటయే మనసు విప్పుటకు దారి యనియు వైద్యులు చెప్పుచున్నారు.

కావున మా తీర్పిది. గేయమును దాచవలదు, దాని ముగింపుతో పాఠమును ముగింపవలదు. పూర్ణమ్మను దేవతను చేసి చేతులు జోడించు ఉపాధ్యాయుడు పిల్లలకు హాని చేయవచ్చును. 'ఈ యింట నెవరెవరు ఏయే క్షణమున ఏమి యడిగియుండిన ఈ పిల్ల బ్రతికెడిది?' అని ప్రశ్నించు ఉపాధ్యాయుడు మేలు చేయును. పూర్ణమ్మకు అన్నదమ్ములుండిరి. ఆమె కన్నీరు వారి భుజములపై పడినది. ఆ బాలురకు, పాపగేనో కథలోని బాలురవలె, ఏమి యడుగవలెనో చెప్పినవారు లేకపోయిరి.

గురజాడవారే మరియొక పిల్లవానిని చిత్రించిరి. 1892లో ప్రదర్శింపబడి, 1897లో ముద్రితమై, 1909లో బహుధా మార్పు చెందిన 'కన్యాశుల్కము' నాటకమున వెంకటేశము కలడు. వాడు పరీక్ష తప్పినవాడు. తండ్రి యగు అగ్నిహోత్రావధానులు తన్నునని వానికి భయము. మన మా ఘట్టమును చూచి నవ్వుదుము, నవ్వదగినదే. కాని పూర్ణమ్మను, వెంకటేశమును ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. ఇరువురును పెద్దల లెక్కలలో అంకెలు. ఒకతె వెల, ఒకడు చదువు ఖర్చు. ఒకటి కన్నీటి కథ, ఒకటి నవ్వుల కథ యగుటకు కారణమేమి? వెంకటేశమునకు తన భయమును చెప్పుకొన నొక మనిషి దొరికినాడు. వాడు గిరీశము.

గిరీశ మెట్టివాడో పాఠకులకు చెప్పనక్కరలేదు. చుట్ట కాల్చుట నేర్పువాడు, గురుత్వము నటించువాడు, శిష్యుని యక్క బుచ్చమ్మపై కన్ను వేయువాడు. ఐనను ఆ యింట పిల్లల మాట వినువాడు వాడొక్కడే. బాలవితంతువగు బుచ్చమ్మతో ఆమె బ్రతుకును గూర్చి మాటలాడినవాడును వాడే. గురజాడవారి నిశితదృష్టి యిచ్చట కలదు. మంచివారు విననియెడల పిల్లలు వినువానియొద్దకు పోవుదురు. వాడు మంచివాడో కాడో తరువాతి మాట. నేడు మన పిల్లలు అర్ధరాత్రివేళ సెల్‌ఫోను వెలుగులో నెవరితోనో తమ బాధ చెప్పుకొనుచున్నారని వగచు తల్లిదండ్రులు, ఆ ఫోనును తిట్టుటకు ముందు, పగటివేళ తమ యింట ఆ బాధ వినువా డెవడో చూచుకొనవలయును.

ఇక నా నాటకమున సుబ్బి యను నింకొక పిల్ల కలదు. ఆమెను లుబ్ధావధానులకు అమ్ముటకే కథ యంతయు నడచును. ఆమె పేరు నాటకమందంతట వినబడును గాని, ఆమె మనస్సు మనకు వినబడదు. ఇది లోపమని కొందరందురు. మాకది సత్యముగా తోచును. ఎవరిని గూర్చి యందరును మాటలాడుదురో ఆ పిల్ల మాట వినువా రుండరు. నేటి విద్యను గూర్చిన మన సభలును ఇట్లే యుండును.

గురజాడవారు వినుటయే గాక లెక్కించుటయు నెరిగినవారు. ఆనాటి విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టిక 1,034కు చేరెనని ఆయన తన నాటకపు తొలి కూర్పు పీఠికలో చెప్పిరి. నేడును లెక్కలు కలవు. 2022లో దేశమున 13,044 మంది, 2023లో 13,892 మంది విద్యార్థులు తమ ప్రాణములు తాము తీసికొనిరని జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించినది. ఈ మరణములలో నొక్కదానికిని ఒక్కటే కారణమని చెప్పరాదు. చికిత్స చేయదగిన రోగము, ఇంటి కలహము, లేమి, పరిహాసము, ఏకాంతము, పరీక్ష, ఇవి పెక్కులు ముడివడును. పూర్ణమ్మ కథలోను అమ్మకము, గేలి, ఒంటరితనము, వీడుకోలు ముడివడియే యున్నవి. కాని ముడిలో నొక పోగునైనను సకాలమున సడలించువా రుండిన బ్రతుకు నిలుచునని మా విశ్వాసము. మా బడిలో మేము కన్నులార చూచినది నదియే.

'ఆ దురాచారము పోయినది, శారదా చట్టము 1930లో అమలునకు వచ్చినది గదా' యను వారికొక మాట. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల వయస్సు గల స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకమున్నే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5 మంది. కాబట్టి పూర్ణమ్మ చరిత్రలో చేరలేదు. ఆమె వేషము కొంత మారినది. ఒక యింట ఆమె మెడలో పుస్తె కట్టుచున్నారు, మరియొక యింట ర్యాంకు సంఖ్యను కట్టుచున్నారు. రెండవదానిని మొదటిదానితో సమానమని మే మనము. చదువు వరము, బాల్యవివాహము శాపము. కాని పిల్ల యిష్టము నడుగకయే పెద్దలు బేరము కుదుర్చుకొనుట రెండింటను గలదు.

చట్టము మరల ముందునకు వచ్చినది. విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన యొక బాలిక మరణమును గూర్చిన వ్యాజ్యమున, 2025 జూలై 25వ తేదీన సుప్రీంకోర్టు దేశమందలి విద్యాలయములన్నిటికి మార్గదర్శకములు విధించినది. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న చోట తగిన శిక్షణ గల సలహాదారుని నియమింపవలయుననియు, మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు బ్యాచులుగా విడదీయుట, నలుగురిలో నవమానించుట మానవలయుననియు అందు చెప్పబడినది. షెడ్యూల్డు కులముల, తెగల, వెనుకబడిన తరగతుల, పేదకుటుంబముల పిల్లలతోను, వికలాంగులతోను, లైంగికత విషయమున నల్పసంఖ్యాకులగు వారితోను ఎట్టి భేదమును చూపక మెలగుటకు సిబ్బందిని తీర్చిదిద్దవలయుననియు నున్నది. బ్యాచుల మాట చదివినప్పుడు గోడపై మే మంటించిన జాబితా మా కన్నులయెదుట నిలిచినది. న్యాయమూర్తులు చెప్పువరకు మాకు తోచకపోవుట మా వృత్తికి గౌరవము గాదు.

పై కట్టడలలో చివరిదానిని గూర్చి మరియొక మాట చెప్పవలసి యున్నది. పూర్ణమ్మకు దుఃఖమొక్కటే గాని, ఆమె దుఃఖము పాటకెక్కినది. పాటకెక్కని దుఃఖము లెన్ని? హాస్టలులో కులము పేరు వినబడగానే తలవంచుకొను బాలుడు, చెవి వినబడని కారణమున తరగతిలో చివరి బల్లకు చేరిన బాలిక, ఉదయము పొలమునకో కొట్టునకో పోయి తరువాత బడికి వచ్చి నిద్రపోవు పిల్లవాడు, 'మగవాడవు, ఏడువరాదు' అని వారించబడిన కుమారుడు, వీరి మౌనమును మనము 'క్రమశిక్షణ' యని మెచ్చుకొందుము. సలహాదారుని నియమించినంత మాత్రమున వీ రాయన గది తలుపు తట్టరు. తట్టుటకు ధైర్యమున్నవారు అంతకు ముందే కొంత గౌరవము పొందియున్నవారు. సమానత లేని చోట మనశ్శాంతి కొందరి సొత్తగును. కావుననే గేలి మాన్పించుట మానసిక వైద్యములో మొదటి మాత్ర యని మేమందుము. ఆ మందు నుచితముగా నీయగలవాడు ఉపాధ్యాయుడే.

ఇక గృహములను గూర్చి. మా పాఠకులు విద్యావంతులు, సంస్కారాభిలాషులు. బిడ్డలను అమ్ముకొనువారు గారు. అయినను మూడు సంగతులు మనవి చేయుచున్నాము. మొదటిది, పిల్ల తినుట, నిద్రించుట, ఆడుట యను మూడింటిలో నేది మారినను అది మాటయే యని గ్రహింపుడు. మార్కుల కాగితముకంటె ముందు కంచమును చూడుడు. రెండవది, బిడ్డ నోరు విప్పినప్పుడు హితబోధ చేయకుడు, పొరుగింటి పిల్లతో పోల్చకుడు, 'తరువాత నేమైనది?' అని మాత్ర మడుగుడు. మూడవది, జ్వరమునకు వైద్యుని పిలుచుటకు సిగ్గుపడని మనము మనస్సునకు వైద్యుని పిలుచుటకు సిగ్గుపడనేల? 2022 అక్టోబరు 10వ తేదీన ప్రభుత్వము నెలకొల్పిన 'టెలి మానస్' అను సహాయ కేంద్రమునకు 14416 సంఖ్యతో రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ సంఖ్యను పంచాంగము ప్రక్కన గోడపై వ్రాసియుంచుడు. మీ యింట పనిచేయు నామె బిడ్డకును చెప్పుడు.

నలుగురును కూడి నవ్వుకొను వేళ తన పేరు తలంపుమని పూర్ణమ్మ కోరెను. ఆ కోరికను తెలుగువారు తీర్చితిరి. నూరేండ్లు దాటినను ఆమెను తలంచుచునే యున్నారు. కాని ఆ మాట ఆమె నోట వచ్చిన క్షణమున, 'ఎందుకట్లనుచున్నావమ్మా?' అని యొక్కరడిగియుండిన, ఈ పాట మనకు లేకపోయెడిది. పాట లేకపోయినను మాకు విచారము లేదు.

మరుసటి సెప్టెంబరున మేము మరల ఆ గేయమును చదివితిమి. దురాచారమును గూర్చిన ప్రశ్నను నల్లబల్లపై రెండవదిగా వ్రాసితిమి. మొదటిదిగా వ్రాసినది ఆ బాలిక యడిగిన ప్రశ్న. దానికి మార్కులు లేవని ముందే చెప్పితిమి. గంట కొట్టినను పిల్లలు వ్రాయుచునే యుండిరి. ఆ కాగితములను దిద్దలేదు, చదివితిమి. వానిలో రెండింటిని వ్రాసిన పిల్లలతో ఆ సాయంకాలమే కూర్చుండి మాటలాడవలసి వచ్చినది.